రాత్రి రెండు పుల్కాలే తిన్నా తెల్లవారేసరికి షుగరు ఎందుకు పెరుగుతుంది?

మీ అమ్మగారు రాత్రి ఏడున్నరకే రెండు పుల్కాలతో భోజనం ముగిస్తారనీ, పడుకునే ముందు 132 చూపిన గ్లూకోమీటరు పొద్దున్న పరగడుపున 158 చూపుతోందనీ, మధ్యలో ఆవిడ మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోరనీ రాశారు. మీటరు చెడిపోయిందా, లేక ఆవిడ మీకు తెలియకుండా ఏమైనా తింటున్నారా అన్నది మీ సందేహం. రెండూ కాకపోవచ్చు. నాకు షుగరు వచ్చిన కొత్తలో ఇదే అనుమానం మా ఇంట్లో నా మీద పడింది. సంక్రాంతి అరిసెల డబ్బాను మా ఆవిడ రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి లెక్కపెట్టి, సంఖ్య సరిపోయాక కూడా నన్ను పూర్తిగా నమ్మలేదు. నేను వైద్యుణ్ణి కాను. జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, తొమ్మిదేళ్ళుగా టైప్ 2 మధుమేహం ఉన్నవాణ్ణి. పాఠంగా చెప్పినదీ, ఒంటి మీద అనుభవించినదీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్న లెక్క చూడండి. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఆ రక్తమంతటిలో ఉన్న చక్కెర 5 గ్రాములు, అంటే కాఫీలో వేసుకునే ఒక చిన్న చెంచాడు. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది, గంటకు 5 గ్రాములన్నమాట. మనం నిద్రపోతున్నంతసేపూ ఎవరో ఒకరు ఆ చెంచాను నింపుతూ ఉండకపోతే గంటలోపే అది ఖాళీ అయిపోవాలి. నింపేది కాలేయం. పగలు తిన్నదానిలో కొంత భాగాన్ని అది గ్లైకోజన్‌గా మార్చి, పంటను గాదెలో పోసినట్టు దాచుకుంటుంది. ఆ నిల్వ దాదాపు 100 గ్రాములు. కండరాలలో ఇంతకు మూడు నాలుగు రెట్ల గ్లైకోజన్ ఉన్నా, దాన్ని గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదలడానికి కావలసిన చివరి ఎంజైము వాటికి లేదు కనుక, అది వాటి సొంత ఖర్చుకే. గాదె తగ్గుతున్నకొద్దీ కాలేయం మరో పని కూడా ముమ్మరం చేస్తుంది: కండరాల నుంచి వచ్చే లాక్టేటునూ అమైనో ఆమ్లాలనూ, కొవ్వు నుంచి వచ్చే గ్లిసరాలునూ తీసుకుని కొత్తగా గ్లూకోజు తయారుచేస్తుంది. మీ అమ్మగారి పొద్దుటి 158లో ఉన్న చక్కెర చాలావరకు పుల్కాలది కాదు, కాలేయం రాత్రి వదిలినది.

ఎప్పుడు దాచాలో, ఎప్పుడు వదలాలో కాలేయానికి చెప్పేది క్లోమం. జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే ఈ గ్రంథిలో అధిక భాగం జీర్ణరసాల పనిలోనే ఉంటుంది. బరువులో ఒకటి రెండు శాతం మించని లాంగర్‌హాన్స్ పుటికలు మాత్రం హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదులుతాయి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ బెర్లిన్‌లో వైద్య విద్యార్థిగా వీటిని వర్ణించినప్పుడు అవి ఏం చేస్తాయో ఆయనకు తెలియదు. వాటిలో బీటా కణాలు కాలేయానికి "దాచు" అని చెప్పే ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు "వదులు" అని చెప్పే గ్లూకగాన్‌ను స్రవిస్తాయి. ఈ రెండింటినీ అదుపులో ఉంచే సొమాటోస్టాటిన్ డెల్టా కణాలది. ఇవన్నీ నిర్వాహక సిర గుండా ముందు కాలేయానికే చేరతాయి. నేను ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద త్రాసు గీసి, "షుగరు పెరిగితే ఇన్సులిన్, తగ్గితే గ్లూకగాన్" అని చెప్పాను. నాలుగు మార్కుల ప్రశ్నకు అది చాలు. కానీ ఆ బొమ్మ చూసినవారికి ఒకటి ఉన్నప్పుడు రెండోది ఉండదన్న భ్రమ కలుగుతుంది. నిజానికి రెండూ ఇరవై నాలుగు గంటలూ రక్తంలో ఉంటాయి. కాలేయం లెక్కలోకి తీసుకునేది వాటి పాళ్ళను.

గ్లూకగాన్ పేరు చాలామందికి తెలియకపోవడంలో వింత లేదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం నుంచి ఇన్సులిన్ తీశాక, ఆనాటి క్లోమపు సారాలను ఎక్కించినప్పుడు షుగరు తగ్గే ముందు కాసేపు పెరగడం కనిపించింది. ఆ పెరుగుదలకు కారణమైన పదార్థానికి 1923లో కింబల్, మర్లిన్ ఈ పేరు పెట్టారు. ఇన్సులిన్‌లో కలిసిన మలినంగా బయటపడినందువల్లనో ఏమో, నేటికీ దాన్ని వెనుక వరసలోనే కూర్చోబెడుతున్నాం.

షుగరు పెరిగిన సంగతి బీటా కణానికి ఎలా తెలుస్తుందన్నది నాకు ఎప్పుడూ ముచ్చటగొలిపే భాగం. గ్లూకోజు కణంలోకి వెళ్ళి ఖర్చయితే, కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం పెరుగుతుంది. ఏటీపీ పెరిగితే కణపు పొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. దానితో పొర విద్యుత్ స్థితి మారి కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం రాగానే చిన్న చిన్న సంచుల్లో సిద్ధంగా ఉన్న ఇన్సులిన్ బయటపడుతుంది. (ఆ ఏటీపీని 1929లో కార్ల్ లోమన్ ఒకవైపు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మరోవైపు కనుగొన్నారని చెప్పినప్పుడల్లా వెనుక బెంచీలు కూడా తలెత్తేవి.) షుగరు తగ్గగానే ద్వారాలు తెరుచుకుని ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. నేను అప్పట్లో వాడిన గ్లిమెపిరైడ్ మాత్ర ఈ పొటాషియం ద్వారాలనే, గ్లూకోజు ఎంత ఉందన్నదానితో నిమిత్తం లేకుండా మూసేస్తుంది. ఆ "నిమిత్తం లేకుండా" అన్న మాట నాకు ఒక తొలి ఏకాదశి నాడు అర్థమైంది.

ఉపవాసమని టిఫిను మానేశాను గాని, మాత్రను అలవాటు కొద్దీ వేసుకున్నాను. తినని రోజున దాన్ని వేసుకోవద్దని మందుల షాపులో గాని, రాసిచ్చిన చోట గాని ఎవరూ చెప్పలేదు. పాఠం చెప్పిన మాస్టారినై ఉండి నేనూ అడగలేదు. పదకొండు గంటల వేళ హారతి ఇస్తుంటే ఊగుతున్నది కర్పూరపు మంట కాదు, పళ్ళెం పట్టుకున్న చెయ్యి అని మా అమ్మాయి గమనించింది. మెడ వెనుక చల్లటి చెమట, పెదవుల మీద తిమ్మిరి, దేవుడి ఎదుటే కారణం లేని విసుగు. మీటరు 54 చూపింది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగితే పావుగంటకు 81 అయింది. అప్పటికే బనియను తడిసి ఒంటికి అంటుకుపోయింది. అంత పడినప్పుడు నా గ్లూకగాన్ ఏం చేస్తోందా అని ఆ సాయంత్రం ఆలోచించాను. మామూలుగా షుగరు 80 దగ్గరికి జారగానే ముందు ఇన్సులిన్ తగ్గుతుంది, 70 దాపుల్లో గ్లూకగాన్, అడ్రినలిన్ లేస్తాయి. పక్కనున్న బీటా కణాలు ఇన్సులిన్ తగ్గించడమే ఆల్ఫా కణాలకు ఒక సంకేతం. మాత్ర వల్ల నాలో ఆ ఇన్సులిన్ తగ్గలేదు కనుక, గాదెలో సరుకున్నా తలుపు తీయమన్న ఆజ్ఞ గట్టిగా వెళ్ళలేదు. చెయ్యి వణికించి నన్ను హెచ్చరించింది అడ్రినలిన్.

మీ అమ్మగారి విషయంలో జరుగుతున్నది దీనికి తలకిందులు. టైప్ 2లో కాలేయం ఇన్సులిన్ మాటను సరిగా వినదు, గ్లూకగాన్ తగ్గవలసినంత తగ్గదు. అందువల్ల కాలేయం రాత్రంతా అవసరానికి మించి చక్కెర వదులుతుంది. దానికి తోడు తెల్లవారుజామున కార్టిసాల్ అనే హార్మోను పెరుగుదల, రాత్రి విడుదలైన గ్రోత్ హార్మోను ప్రభావం కలిసి షుగరును ఇంకాస్త ఎగదోస్తాయి. ఆరోగ్యవంతుల్లోనూ ఇవి ఉంటాయి గాని, వారి బీటా కణాలు కొద్దిగా ఇన్సులిన్ పెంచి సరిపుచ్చుకుంటాయి. నేను అలారం పెట్టుకుని పరీక్షించిన ఒక రాత్రి పది గంటలకు 128, మూడింటికి 121, ఆరింటికి 149 వచ్చాయి. కాఫీ కూడా తాగకుండా ఎనిమిది దాకా ఆగితే 163. ఆ కాగితం చూశాక అరిసెల లెక్క ఆగింది.

రాత్రి భోజనం పూర్తిగా మాన్పిస్తే ఎలా ఉంటుందని అడిగారు. నా మటుకు నేను వద్దంటాను. భోజనం మానినా కాలేయం తన పని మానదు. పైగా ఆవిడ మందుల్లో గ్లిమెపిరైడ్ వంటిది గాని, ఇన్సులిన్ గాని ఉంటే నాకు ఏకాదశి నాడు జరిగినది ఆవిడకు నిద్రలో జరగవచ్చు. కాలేయం గ్లూకోజు తయారీని తగ్గించే మెట్‌ఫార్మిన్ వంటి మందుల సంగతి డాక్టరు తేల్చాలి. ఇంట్లో చేయగలిగినది భోజనమయ్యాక కాసేపు నడక. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది.

ఇక మీటరు మాట. మంచి మీటరు కూడా ప్రయోగశాల ఫలితానికి 15 శాతం దాకా అటూ ఇటూ చూపవచ్చు కనుక ఒక్కరోజు 132, 158 చూసి ఏదీ తేల్చకండి. మామిడిపండు కోసిన వేలిని కడగకుండా గుచ్చితే ఆ రసం కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడిగి, బాగా ఆరాక పరీక్షించండి. మూడు నాలుగు రాత్రులు పడుకునే ముందు, మూడింటికి, లేవగానే చూసి, తిన్నదీ వేసుకున్న మాత్రా పక్కనే రాసి, ఆ కాగితం డాక్టరుకు చూపండి. మూడింటికి 70 కన్నా తక్కువ కనబడితే మాత్రం అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా, ముందు పంచదార నీళ్ళు తాగించి, తెల్లవారగానే మందు రాసినవారికి ఫోన్ చేయండి.