ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకీ భయం?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. నలుగురు పిల్లల్లో పెద్దదాన్ని. నాన్న రోజూ తాగి వచ్చేవారు. చిన్న తమ్ముడు పుట్టాక అమ్మ మంచం పట్టింది. జబ్బేమిటో మాకెవరూ చెప్పలేదు, గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. పదకొండేళ్లప్పటి నుంచి ఇంటిపని, ముగ్గురు పిల్లలు నా చేతి మీదే. నాన్న పోయి చాలా కాలమైంది. నా పిల్లలు స్థిరపడ్డారు, మావారు నెమ్మదస్తులు, రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. ఏ లోటూ లేదు. అయినా ఏడాదిగా రాత్రి మూడింటికి గుండెదడతో మెలకువ వస్తోంది. మావారు తలుపు కాస్త గట్టిగా వేసినా చేతిలో పని ఆగిపోతోంది. 82 ఏళ్ల అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆవిడకు స్నానం చేయిస్తుంటే ఉన్నట్టుండి కోపం ముంచుకొస్తుంది, ఆ వెంటనే సిగ్గుతో ఏడుపొస్తుంది. పెద్ద తమ్ముడికి చెబితే, "అయిపోయినవన్నీ ఇప్పుడెందుకక్కా? నాకైతే అంత ఘోరంగా ఏమీ గుర్తులేదు" అన్నాడు. కష్టంలో ఉన్నప్పుడు రానిది, అన్నీ బాగున్నాక ఎందుకొచ్చింది? నాకు కృతజ్ఞత లేకనా?
– ఒక సోదరి

సలహా: పైన ఇచ్చింది మీ ఉత్తరంలో కొంత మాత్రమే. అసలు ఉత్తరంలో తమ్ముళ్ల చదువులు, చెల్లెలి పెళ్లి, మీ పిల్లల ఉద్యోగాలు, అమ్మ మందుల వేళలు అన్నీ వివరంగా రాశారు. మీ గురించి రాసింది చివర్లో నాలుగు ముక్కలు. వాటి కింద "ఇదంతా చెప్పి మిమ్మల్ని విసిగించి ఉంటే క్షమించండి" అన్నారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సాయం అడిగేటప్పుడు కూడా ముందు అవతలివాళ్ల ఓపిక గురించి ఆలోచించడం మీకు పదకొండేళ్లకే అలవాటైపోయింది.

కృతజ్ఞత సంగతి ముందే చెప్పేస్తాను. మీలో అది లేకపోవడం వల్ల వచ్చిన బాధ కాదిది.

గేటు గడియ చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడవబోతోందో మీకు తెలిసిపోయేదని రాశారు. గడియ ఒక్కసారికే పడితే పిల్లల్ని పడుకున్న చోటే ఉండనిచ్చేవారు. పడక రెండుమూడు సార్లు తడబడితే ముగ్గుర్నీ లేపి వెనక గదిలోకి పంపేవారు. తాగుడు ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లు నాతో ఇలాంటివే చెబుతుంటారు: చెప్పుల చప్పుడు, దగ్గు, సైకిల్ స్టాండు వేసే తీరు. ఎప్పుడో ఒకసారి భయపడితే ఒంట్లో పుట్టిన అలజడి కాసేపటికి సర్దుకుంటుంది. ప్రతి రాత్రీ అదే జరిగితే, పెరిగే వయసులో ఉన్న మెదడు ఆ అప్రమత్తతనే మామూలు స్థితిగా నేర్చుకుంటుంది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం చిన్న చప్పుడుకే మేల్కొంటుంది, కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్ల తీరు మారుతుంది. మీకు ఆ వయసులో ఒక కాపలా ఉద్యోగం ఇచ్చారు, ఇంతవరకూ దాని నుంచి రిలీవ్ చేసినవాళ్లు లేరు.

ఇప్పుడే ఎందుకంటే, ఇన్నాళ్లూ ఆ కాపలాకు పని ఉంది. తమ్ముళ్లు, చెల్లెలు, తర్వాత కాపురం, పిల్లలు, వాళ్ల పరీక్షలు, పెళ్లిళ్లు. ఎవరో ఒకరిని కనిపెట్టుకుని ఉండటంలో ఆ అప్రమత్తత ఖర్చయిపోయేది, పైగా నలుగురూ మెచ్చుకునేవారు. పిల్లలు వెళ్లిపోయాక అది ఖాళీగా మిగిలింది. దానికితోడు ఇంట్లో రోజంతా ఒక మగమనిషి అడుగుల చప్పుడు, మంచం మీద అమ్మ. చిన్నప్పటి ఇంట్లో ఉన్న రెండూ మళ్లీ మీ చుట్టూ చేరాయి. వయసుతో నిద్ర కూడా పలచబడుతుంది. భయం పాతదే, కొత్తగా వచ్చింది తీరిక. యాభై దాటాక, రిటైర్మెంటు తర్వాతో పిల్లలు దూరమయ్యాకో బాల్యం ఇలా పైకి తేలడం నేను తరచుగా చూస్తుంటాను.

ఫోన్లో ఎవరో పంపిన పది ప్రశ్నల పరీక్ష చేసుకుంటే అయిదు వచ్చిందని, అప్పటినుంచి భయం ఇంకా పెరిగిందని రాశారు. ఆ ప్రశ్నలు ఎక్కడివో చెబుతాను. 1995–97 మధ్య అమెరికాలోని శాన్ డియేగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. కొట్టడం, అవమానించడం, ఇంట్లో తాగుడు, ఇంట్లోవాళ్లకు మానసిక జబ్బు లాంటి అనుభవాలు నాలుగో అంతకు మించో ఉన్నవాళ్లలో డిప్రెషన్, మద్యానికి బానిస కావడం, ఆత్మహత్యా ప్రయత్నం వంటి వాటి ముప్పు, అవేవీ లేనివాళ్లకంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించిందని, మొదటి విడత జవాబుల ఆధారంగా 1998లో ప్రకటించారు. పెద్దయ్యాక వచ్చే బాధకు వేళ్లు బాల్యంలో ఉండొచ్చని వైద్యులు ఒప్పుకోవడానికి ఆ అధ్యయనం చాలా మేలు చేసింది. కానీ అది జనాభాకు సంబంధించిన లెక్క. ఒక మనిషికి ఏమవుతుందో ఆ అంకె చెప్పలేదు. దాన్ని విడివిడి మనుషులకు అంటగట్టడం సరికాదని 2020లో ఆండా స్వయంగా సహచరులతో కలిసి వ్యాసం రాశారు. ఎన్నేళ్లు జరిగింది, ఎంత తీవ్రంగా జరిగింది, పక్కన ఎవరున్నారు అనేవి ఆ పది ప్రశ్నల్లో లేవు. ఆ అయిదును పక్కన పెట్టేయండి.

పక్కన ఎవరున్నారన్నది చిన్న విషయం కాదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, తాగుడు, తల్లిదండ్రుల జబ్బులు, గొడవల మధ్య పెరిగినవాళ్లలో కూడా మూడోవంతు మంది నిబ్బరంగా, బాధ్యతగా ఎదిగారు. అలాంటివాళ్ల బాల్యంలో స్థిరంగా అంటిపెట్టుకుని ఉన్న మనిషి కనీసం ఒకరైనా ఉన్నారు. తాతమ్మో, పిన్నో, అక్కో.

ఇది చదివాక మీ తమ్ముడి మాట మరోసారి గుర్తుచేసుకోండి. అంత ఘోరంగా గుర్తులేదన్నది అబద్ధం కాదు, మీ జ్ఞాపకాన్ని కొట్టిపారేయడమూ కాదు. గడియ తడబడిన రాత్రుల్లో అతను వెనక గదిలో ఉన్నాడు. అక్కడికి పంపింది మీరు. తలుపు దగ్గర నిలబడిందీ మీరే. ఒకే ఇంట్లో పెరిగినా మీ ఇద్దరి బాల్యం ఒకటి కాదు, అతనిది కాస్త తేలికగా గడవడానికి కారణం మీరు. వీలైతే ఈ సంగతి అతనికి అలాగే చెప్పండి. వాదించకుండా, ఫలానా రాత్రి నేను ఫలానా చోట ఉన్నాను అని ఒకే ఒక్క సంఘటన చెప్పండి చాలు.

మరి మీ పక్కన ఎవరున్నారు? ఇంటికి వెళ్తే పుస్తకం తీసే వీలుండదని తెలిసి, బడి వదిలాక అరగంట స్టాఫ్ రూంలో కూర్చోబెట్టి హోంవర్కు చేయించిన ఏడో తరగతి టీచరు గురించి ఒక్క వాక్యం రాశారు. ఆమె గురించి ఇంకా రాసి ఉంటే బాగుండుననిపించింది. మీ జీవితంలో ఆ అరగంట చాలా పెద్దది.

ఇక అమ్మ. చిన్నబిడ్డ పుట్టాక మంచం దిగకపోవడం, ఎవరితో మాట్లాడకపోవడం చూస్తే అది ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. ఇంత దూరం నుంచి తేల్చి చెప్పే హక్కు నాకు లేదు. అదే నిజమైతే ఆవిడ తప్పు లేదు. అయినా మీకు దక్కాల్సింది దక్కలేదు. ఈ రెండో మాట అనడానికే మీరు భయపడుతున్నారు, అందుకే అది స్నానాలగదిలో కోపంగా బయటపడుతోంది. తనను చూసుకోని మనిషినే తను చూసుకోవాల్సి రావడం మామూలు సేవ కాదు. బాల్యంలో హింసకో నిర్లక్ష్యానికో గురై, మళ్లీ ఆ తల్లికో తండ్రికో సేవ చేస్తున్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువని 2015లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. కోపం వచ్చినప్పుడు తువ్వాలు పక్కన పెట్టండి. ఆవిడ జారిపడకుండా కూర్చోబెట్టి, అక్కడే ఉండి నాలుగుసార్లు నిదానంగా ఊపిరి వదిలి, తర్వాత పని చేయండి. 82 ఏళ్ల మనిషిని నిలదీసి క్షమాపణ రాబట్టాలని మాత్రం చూడకండి. అది దొరికే అవకాశం తక్కువ, దొరక్కపోతే మీరు మరింత కుంగిపోతారు.

ముందు ఒక డాక్టరుకు చూపించుకోండి. ఈ వయసులో గుండెదడ, నిద్రలేమి థైరాయిడ్ వల్లా, రక్తహీనత వల్లా, గుండె సమస్య వల్లా రావచ్చు. అవేవీ లేవని తేలాక సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, గేటు గడియ సంగతి కూడా చెప్పండి. చిన్నప్పటి గాయాలకు మాటల చికిత్స అరవైలలోనూ పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే ఇంట్లో చెప్పండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మూడింటికి మెలకువ వస్తే పడుకుని పోరాడకండి. లేచి దీపం వేసి, కాళ్లు నేలకు ఆనించి కూర్చోండి. ఇది ఏ సంవత్సరం, ఇంట్లో ఎవరెవరున్నారు అని పైకి చెప్పుకోండి. మీవారు నెమ్మదస్తులని రాశారు, తలుపు చప్పుడు సంగతి ఆయనకు ఇంతవరకూ చెప్పలేదనీ రాశారు. చెప్పండి. మంచి మనిషికి కారణం తెలిస్తే తలుపు నెమ్మదిగా వేయడం కష్టం కాదు.

అమ్మ బాధ్యత నలుగురిదీ. ఈ వారమే ముగ్గురికీ ఫోన్ చేసి, వారంలో రెండు రోజులు ఎవరు వచ్చి ఉంటారో, లేకపోతే మనిషిని పెట్టుకోవడానికి ఎవరెంత ఇస్తారో అడగండి. సంజాయిషీ ఇవ్వొద్దు, క్షమాపణ చెప్పొద్దు. "నాకు ఆరోగ్యం బాగాలేదు, ఒక్కదాన్నీ చేయలేను" అని చెప్పి, వాళ్ల జవాబు కోసం ఆగండి.