లావణ్యకు, కలిసి స్పానిష్ చదవడం గురించి

చిరంజీవి లావణ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. స్పానిష్‌లో బీ1, అంటే మధ్యస్థాయి పరీక్ష అయిపోయిందనీ, క్లాసులో స్నేహమైన ఆరుగురూ ఇకనుంచి ప్రతి ఆదివారం కలిసి స్పానిష్ సాహిత్యం చదవాలనుకుంటున్నారనీ, మొదటి పుస్తకంగా సెర్వాంతెస్ నవల ‘దోన్ కిహోతే’ అనుకున్నారనీ రాశావు. చాలా సంతోషం తల్లీ. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు. కానీ పదేళ్లకు పైగా ఇలాంటి చదువరుల మధ్య కూర్చున్నదాన్ని కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

దోన్ కిహోతేతో మాత్రం మొదలుపెట్టకండి.

మేమూ దానితోనే మొదలుపెట్టాం. స్పానిష్ నేర్చుకున్నదే దానికోసం అన్నంత ఉత్సాహం. తొమ్మిది మందిమి. మొదటి భాగం 1605లో, రెండోది 1615లో వచ్చాయి. రెండూ కలిపి 126 అధ్యాయాలు. మొదటి పేరాలోనే కథానాయకుడైన ఆ పెద్దమనిషి వారంలో ఏ రోజు ఏం తింటాడో సెర్వాంతెస్ చెబుతాడు. శనివారం దగ్గర ‘దుయెలోస్ ఇ కెబ్రాంతోస్’ అని ఉంటుంది. ఒక్కో మాటా డిక్షనరీలో వెతికితే మాకు దుఃఖాలు, నష్టాలు అని దొరికింది. శనివారం ఏదో నోము లాంటిది పడతాడేమో అని గంటసేపు మాట్లాడుకున్నాం. తీరా చూస్తే అది గుడ్లలో పంది కొవ్వు ముక్కలు వేసి వేయించే వంటకం పేరు. ఆ గంట నిజంగా బాగుంది. కానీ ప్రతి పేరాలోనూ అలాంటి చోట్లు నాలుగైదు ఉండేవి. అందరూ చెప్పుకునే ఆ గాలిమరల ఘట్టం వచ్చేది ఎనిమిదో అధ్యాయంలో. అక్కడికి చేరేసరికి ముగ్గురమే మిగిలాం.

మానేసినవాళ్లెవరూ బద్ధకస్థులు కారు. తమకు తప్ప అందరికీ అర్థమవుతోందనుకున్నారు. ప్రతి వారం తల ఊపుతూ కూర్చుని, ఆ టెన్షన్ భరించలేక రావడం మానుకున్నారు. చాలా కాలం తర్వాత ఒక్కొక్కరే ఆ సంగతి నాతో చెప్పారు. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది. ఎందుకంటే ఆ రోజుల్లో మాలో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. స్పెయిన్‌లో పుట్టి పెరిగినవాళ్లకే ఆ పాత భాష కష్టంగా ఉందని 2015లో ఆంద్రేస్ త్రాపియెయ్యో అనే రచయిత ఆ నవల మొత్తాన్ని ఈనాటి స్పానిష్‌లోకి తిరగరాశాడు. ఇక మనమెంత చెప్పు. మూడు నాలుగేళ్లు పోయాక దాని దగ్గరికి వెళ్లండి, అది ఎక్కడికీ పోదు.

మొదటి ఆదివారం మొంతెర్రోసో అనే గ్వాటెమాలా రచయిత రాసిన డైనోసార్ కథ చదవండి. 1959లో పుస్తకంలోకి వచ్చింది. కథంతా ఏడే మాటలు. లేచేసరికి ఆ డైనోసార్ ఇంకా అక్కడే ఉంది, అంతే. అరగంటలో ఒక రచన పూర్తిచేశామన్న తృప్తి ఆరుగురికీ ఉంటుంది. పైగా క్లాసులో మిమ్మల్ని ఏడిపించిన రెండు భూతకాలాలూ ఆ ఒక్క వాక్యంలోనే పక్కపక్కన ఉన్నాయి. ‘దెస్పెర్తో’ ఒక్కసారి జరిగిపోయిన పని, ‘ఎస్తాబా’ అప్పటికే కొనసాగుతున్న స్థితి. లేచింది ఎవరు? మగా, ఆడా? స్పానిష్ క్రియ చెప్పదు. తెలుగులో లేచాడు, లేచింది అంటే తెలిసిపోతుంది. ‘లేచేసరికి’ అంటే మాత్రం మన భాష కూడా ఆ గుట్టు దాస్తుంది. దీని మీద మీవాళ్లు ఎంతసేపు వాదించుకుంటారో చూడు.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో కథ ఒక్కటే. ‘నో ఓయెస్ లద్రార్ లోస్ పెఱ్ఱోస్’. కుక్కల మొరుగుడు వినిపించడం లేదా అని. 1953లో వచ్చిన ఆయన కథల సంపుటిలో ఉంది. కొద్ది పేజీలే, ఎక్కువ భాగం సంభాషణే, మాటలన్నీ పల్లెటూరి మాటలు. రాత్రివేళ ఒక ముసలి తండ్రి గాయపడ్డ కొడుకుని భుజాల మీద మోసుకుంటూ డాక్టరు కోసం తోనాయా అనే ఊరికి నడుస్తుంటాడు. మీదున్న కొడుకు వల్ల చెవులు మూసుకుపోయి అతనికేమీ వినపడదు. ఊరు దగ్గరపడిందో లేదో తెలియాలంటే కుక్కలు మొరగాలి. అందుకే కొడుకుని అడుగుతూ ఉంటాడు.

ఈ కథ మన కోసమే రాశారా అనిపించే చోటు ఒకటుంది. తండ్రి కొడుకుని ‘తూ’ అంటూ, అంటే నువ్వు అంటూ మాట్లాడుతూ వస్తాడు. కొడుకు దొంగై మనుషుల్ని చంపిన సంగతి ఎత్తేసరికి ఉన్నట్టుండి ‘ఉస్తెద్’లోకి, అంటే మన్నించి పిలిచే మాటలోకి మారిపోతాడు. ఇదంతా మీ కోసం చేయడం లేదు, చచ్చిపోయిన మీ అమ్మ కోసం చేస్తున్నాను అంటాడు. మేము చదివినప్పుడు మాలో ఒకావిడ ఆ వాక్యం పైకి చదివి ఆగిపోయారు. వాళ్ల నాన్నగారికి కోపం వస్తే పిల్లల్ని మీరు అనేవారట. ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. ఇంగ్లీషులో తూ అయినా ఉస్తెద్ అయినా ఒకే ‘యూ’. కాబట్టి అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. చివరి మాటల్లో తండ్రి మళ్లీ తూకి వస్తాడు. ఎందుకో నేను చెప్పను.

అందుకే గట్టిగా చెబుతున్నాను, ఆదివారానికి ముందు ఇంగ్లీషు అనువాదం ఎవరూ తెరవకూడదు. మీరంతా స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నారు. దానివల్ల దగ్గరి దారి కనపడలేదు. ‘మే గుస్తా’ అన్నది ‘నాకు నచ్చింది’ లాంటిదే. మనం సినిమా చూశాను అంటాం, రాముణ్ణి చూశాను అంటాం. మనిషి అయితే ‘ని’ తప్పనిసరి, వస్తువైతే అక్కర్లేదు. స్పానిష్‌లో మనిషి ముందు వచ్చే ‘ఆ’ చేసేది సరిగ్గా అదే పని. పలకడం కూడా అంతే. త, ద అచ్చంగా మనవే, ట, డ అనకండి. మనం వాడటం మానేసిన బండి ఱ అక్కడ ఇంకా బతికే ఉంది. ‘పెరో’ అంటే కానీ, ‘పెఱ్ఱో’ అంటే కుక్క.

ఇక కూర్చునే పద్ధతి. ఒకరు ఒక పేరా పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. పక్కనున్నవాళ్లు ఏం జరిగిందో మామూలు తెలుగులో చెప్పాలి. తర్వాత ప్రతి ఒక్కరూ తమకు తెలియని చోటు ఒకటి చెప్పి తీరాలి. నాకన్నీ తెలిశాయి అనే మాట చెల్లదు. మేము రెండోసారి మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న నియమం ఇదొక్కటే. ఆ గుంపు నిలబడింది. మీలో మెక్సికోలో రెండేళ్లు ఉండి వచ్చిన అబ్బాయి ఉన్నాడన్నావు. అతనితో ముందే విడిగా, ప్రేమగా మాట్లాడు. ఎవరైనా ఆగితే వెంటనే అర్థం అందించవద్దని చెప్పు. మిగతా ఐదుగురూ ఊహించి, తడబడి, ఒకరి మాట ఒకరు సరిచేసుకున్నాక అతను నోరు తెరవాలి. అతనికి ఇది కష్టమే. కానీ అడగ్గానే జవాబు దొరికే చోట ఎవరూ ఆలోచించరు.

చర్చ తెలుగులోనే జరగనివ్వండి. స్పానిష్‌లోనే మాట్లాడాలని నియమం పెడితే ‘బాగుంది, నచ్చింది’ తప్ప ఎవరి నోటా ఇంకో మాట రాదు. కథ గురించి మనసులో ఉన్నది చెప్పుకోవడం ముఖ్యం. స్పానిష్ పైకి చదివేటప్పుడు ఎలాగూ నోట్లో ఆడుతుంది.

ఇంటి దగ్గర చదివేటప్పుడు పేజీకి ఐదు మాటలకు మించి వెతకవద్దు. మిగతావాటి కింద పెన్సిల్‌తో గీత పెట్టి తీసుకురండి. స్పానిష్ అకాడమీ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం. స్పానిష్ మాటకు స్పానిష్‌లోనే అర్థం చదవడం మెల్లగా అలవాటవుతుంది. లాటిన్ అమెరికా మాటలకు విడిగా 2010లో వచ్చిన నిఘంటువు ఉంది, రుల్ఫోకి అది కావాలి.

డాలస్‌లో ఉన్న ఇద్దరి సంగతి. మన ఆదివారం రాత్రి ఏడున్నర వాళ్లకు వేసవిలో ఉదయం తొమ్మిది, నవంబరులో గడియారాలు మారాక ఎనిమిది. మార్చిలో మళ్లీ మారుతుంది. గడియారాలు మారే ఆ రెండు ఆదివారాలకూ ముందే గుర్తుచెయ్యి.

ఆర్నెల్లు గడిచాక స్పెయిన్ కవి లోర్కా రాసిన నాటకం ‘లా కాసా దె బెర్నార్దా ఆల్బా’ తీసుకోండి. 1936లో రాశాడు, ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన్ని చంపేశారు. నాటకం తొలిసారి వేదికెక్కింది 1945లో, బ్వేనోస్ ఐరెస్‌లో. భర్త పోయిన బెర్నార్దా ఐదుగురు కూతుళ్లతో ఎనిమిదేళ్లు ఇంటి తలుపులు మూసి మైల పాటించాలంటుంది. ఆమె నోట వచ్చే మొదటి మాట ‘సిలెన్సియో’, చివరి మాట కూడా అదే. వేదిక మీద కనిపించేవాళ్లంతా ఆడవాళ్లే. అయినా మీ మగపిల్లలకూ పాత్రలు పంచండి. పాత్రగా చదివేటప్పుడు తప్పు పలుకుతామన్న భయం సగం పోతుంది. మా దగ్గర అసలు నోరు విప్పని ఒకాయన బెర్నార్దా మాటలు చదివిన రోజు మేమంతా నిశ్శబ్దంగా ఉండిపోయాం.

రుల్ఫో కథ అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. తండ్రి ఉస్తెద్‌లోకి మారిన చోట మీవాళ్లు తెలుగులో ‘మీరు’ అన్నారా, ‘తమరు’ అన్నారా? మా దగ్గర అది తేలనే లేదు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ