జెన్నీ బ్రిస్టో పుస్తకాల్లో ఏది ముందు చదవాలి?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని పెంచుతున్న మనలాంటి వాళ్లకి ఈ సోషియాలజిస్టు రాసినవి పనికొస్తాయా, దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. పనికొస్తాయి. 2019లో వచ్చిన ‘స్టాప్ మగ్గింగ్ గ్రాండ్‌మా’ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. కుర్రాళ్లు ఇల్లు కొనలేకపోవడానికి యుద్ధం తర్వాత పుట్టిన తరాన్ని తిట్టడం తప్పని అందులో వాదిస్తారు. బాగుంటుంది గానీ, చాలావరకు ఇక్కడి రాజకీయాల గొడవ.

ముందు ‘లైసెన్స్‌డ్ టు హగ్’ చదవండి. ఇంకో సోషియాలజిస్టు ఫ్రాంక్ ఫురేదీతో కలిసి 2008లో రాసిన చిన్న పుస్తకం. పిల్లలతో పనిచేసే పెద్దవాళ్లందరికీ నేరచరిత్ర తనిఖీ పెట్టుకుంటూ పోతే, మంచివాళ్లు కూడా పరాయి పిల్లల దగ్గరికి వెళ్లడానికి జంకుతారని, తరాల మధ్య నమ్మకం పోతుందని దాని సారాంశం.

ఇది నాకు మా నాన్న వచ్చినప్పుడు బాగా తెలిసొచ్చింది. ఆరు నెలల వీసా మీద తెనాలి నుంచి వచ్చారు. పార్కులో ఎవరి పిల్లాడో ఉయ్యాల మీంచి పడ్డాడు. నాన్న లేపడానికి పరిగెత్తబోతే నేనే చెయ్యి పట్టుకుని, "ఆగండి నాన్నా, వాళ్లమ్మ వస్తుంది" అన్నాను. ఆయనకి అస్సలు అర్థం కాలేదు. మా ఊళ్లో అయితే పడ్డ పిల్లాణ్ణి చూస్తూ నిలబడ్డ పెద్దాయన్ని నలుగురూ నిలదీస్తారు మరి! ఆ తల్లి ఏమీ అనేది కాదేమో కూడా. ఎవరూ ఏమీ అనకముందే మనమే వెనక్కి తగ్గుతామే, బ్రిస్టో పట్టుకున్నది సరిగ్గా అదే.

అయితే తనిఖీల విషయంలో నేను పూర్తిగా ఆవిడ పక్షం కాదు. 2002లో ఇంగ్లండ్‌లోని సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు పదేళ్ల ఆడపిల్లల్ని చంపినవాడు ఒక స్కూల్లో కేర్‌టేకర్. అతని మీద అంతకుముందే వచ్చిన ఆరోపణలు నియామకం చేసినవాళ్లకి చేరలేదు. ఆ తర్వాత జరిగిన విచారణ వల్లే, పిల్లలతో పనిచేసేవాళ్ల తనిఖీల మీద 2006 చట్టం వచ్చింది. పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులో సాయానికి వెళ్లినప్పుడు నాకూ తనిఖీ చేశారు. వాలంటీర్లకి ఫీజు కూడా ఉండదు, నాకేమీ అవమానంగా అనిపించలేదు. కాకపోతే ఆ కాగితం చెప్పేది ఇప్పటిదాకా ఏం నమోదైందో అంతే, మనిషి ఎలాంటివాడో చెప్పదు. ఆ మాట పుస్తకంలో గట్టిగానే ఉంది.

ఇంకా ఓపికుంటే 2014 నాటి ‘పేరెంటింగ్ కల్చర్ స్టడీస్’. ఎల్లీ లీ, బ్రిస్టో వగైరా నలుగురు కలిసి రాశారు. కాలేజీ పుస్తకంలా బరువుగా ఉంటుంది. వరసగా చదవక్కర్లేదు, పసిపిల్లల మెదడు పేరు చెప్పి తల్లుల్ని ఎలా టెన్షన్ పెడుతున్నారో రాసిన అధ్యాయం చాలు.