ఓరియన్ నెబ్యులా రంగు చూడబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఎనిమిదంగుళాల అద్దంతో, చేత్తో తిప్పుకునే డాబ్సోనియన్ టెలిస్కోపు కొన్నావనీ, వచ్చే అమావాస్యకి వికారాబాద్ దాటి వెళ్ళి ఓరియన్ నక్షత్రరాశిలో మెరిసే వాయుమేఘం, ఆ ఓరియన్ నెబ్యులా ఫొటో తీస్తావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో ఊరుకోలేక అందరికీ చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక ఆ కొండదారి గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది. ఒక్కదానివే వెళ్ళకు. నిద్ర కళ్ళతో తెల్లవారుజామున కారు నడుపుకుంటూ తిరిగి రాకు. అక్కడే పడుకుని పొద్దెక్కాక బయల్దేరు. ఈ రెండిటికీ మాటివ్వాలి.

స్వెట్టరు, ఎర్ర టార్చి, అదనపు బ్యాటరీలు, లెన్సు మీద మంచు పట్టకుండా హీటరు. ఇవి నీకు తెలిసినవే.

మొదటి గంట మాత్రం కెమెరాని బ్యాగులోంచి తియ్యకు. ముందు కంటితో చూడు. నీ వయసులో చీకట్లో కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. వయసు మీద పడేకొద్దీ అంత విచ్చుకోదు. ఒకప్పుడు నాకు తేలిగ్గా అందిన ఛాయలు ఇప్పుడు అందడం లేదు. ఫొటోలు నా వయసొచ్చాక కూడా తీసుకోవచ్చు తల్లీ, ఈ చూపు మాత్రం ఇప్పుడే ఉంటుంది.

ఫొటోల్లోని గులాబీ రంగు కనిపిస్తుందని ఆశ పెట్టుకోకు. చీకట్లో మనకు దారి చూపించే, కంట్లోని రాడ్ కణాలకు రంగులు తెలియవు. హైడ్రోజన్ వెలువరించే 656 నానోమీటర్ల ఎరుపు వాటికి దాదాపు అందదు. టెలిస్కోపు నెబ్యులాని పెద్దగా చూపిస్తుంది కానీ, దాని ఉపరితలాన్ని ఉన్నదానికంటే కాంతిమంతం చెయ్యలేదు. అందుకే అంచులన్నీ బూడిద రంగులోనే ఉంటాయి. నడిమధ్యలో, ట్రపీజియం అనే నాలుగు నక్షత్రాల గుంపు చుట్టూ, లేత ఆకుపచ్చ తెలుస్తుంది. కన్ను ఆనించి చూసే కటకం, అదే ఐపీస్, 25 మిల్లీమీటర్లది పెట్టు. నీ టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్ 1200 మిల్లీమీటర్లయితే 48 రెట్లు పెద్దగా కనిపిస్తుంది, సరిపోతుంది. నెబ్యులా అంచుల్లో రెక్కల్లా విచ్చుకున్న మసక భాగాల కోసం ఓరగా చూడు. రంగు కోసం మాత్రం సూటిగా చూడు, రంగు పట్టే కోన్ కణాలు ఎక్కువగా ఉండేది కంటి మధ్యలోనే.

ఆ ఆకుపచ్చ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకు. మా ఆఫీసులో ఒక స్నేహితుడు ఉండేవాడు. మంచి ఓపికమంతుడు. చలిలో రాత్రంతా కూర్చుని ఇదే నెబ్యులాని తీశాడు. ఇంటికొచ్చి చూస్తే మధ్యభాగంలో పచ్చటి ఛాయ. కెమెరా దోషమనుకుని సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చని తీసేసే మీట నొక్కాడు, ఎరుపు పెంచాడు. నెబ్యులా మొత్తం ఒకే గులాబీ ముద్దయింది. మధ్యభాగం ముందే తెల్లగా కాలిపోయింది, ఎందుకంటే అన్నీ మూడేసి నిమిషాల ఎక్స్‌పోజర్లే. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం బాధ కలిగింది. ముందు రాత్రి ఐపీస్ దగ్గర "పచ్చగా ఉంది!" అని చిన్నపిల్లాడిలా అరిచింది అతనే. తన కంటితో చూసినదాన్ని తన చేత్తోనే చెరిపేసుకున్నాడు.

అతను తీసేసిన ఆ పచ్చదనం సామాన్యమైనది కాదు. 1864లో లండన్‌లో విలియం హగ్గిన్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త డ్రేకో రాశిలోని ఒక నెబ్యులా కాంతిని స్పెక్ట్రోస్కోపుతో విడదీస్తే ఆకుపచ్చ గీతలు కనిపించాయి. వాటిలో బాగా మెరిసేది భూమ్మీద తెలిసిన ఏ మూలకంతోనూ సరిపోలేదని తర్వాత తేలింది. నెబ్యులియం అనే కొత్త మూలకం ఉందనుకున్నారు. 1927లో ఐరా బోవెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తేల్చాడు: అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్. మన ల్యాబుల్లో సాధించలేనంత పలచటి వాయువులో మాత్రమే అలా మెరుస్తుంది. ఎరుపు హైడ్రోజన్‌ది, ఈ పచ్చ ఆక్సిజన్‌ది. ఫొటోలో రెండూ ఉండాలి. ఆకాశం నేపథ్యం పచ్చగా వస్తే సరిచెయ్యి, నెబ్యులా నడిమిని మాత్రం ముట్టుకోకు.

ఇక ఫొటో సంగతి. డాబ్సోనియన్ నక్షత్రాల వెంట తిరగదు, దానికి కెమెరా తగిలించి గంటలు వృథా చేసుకోకు. నక్షత్రాల వెంట కెమెరాని తిప్పే ట్రాకర్ మీద 200 మిల్లీమీటర్ల లెన్సుతో తియ్యి. రెక్కలకు రెండు మూడు నిమిషాల ఎక్స్‌పోజర్లు తీసుకో, నడిమికి ఐదు సెకన్లవి విడిగా తీసుకో, తర్వాత కలుపు. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ లోపలి ఫిల్టరు ఆ హైడ్రోజన్ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. ఫొటోలో ఎరుపు తక్కువ వచ్చిందని మొదటి జీతాలన్నీ కొత్త కెమెరా మీద పొయ్యకు. ఎక్స్‌పోజర్ల సంఖ్య పెంచి చూడు. గోల చేస్తున్నాననుకోకు, డాబా మీద నిన్ను కుర్చీ ఎక్కించి చంద్రుణ్ణి చూపించినవాణ్ణి, ఆ మాత్రం హక్కు నాకుంది.

వచ్చాక రంగులు దిద్దిన ఫొటో ముందు పంపకు. ఆ ఐదు సెకన్ల రా ఫైళ్ళు, అంటే ఏమీ దిద్దని అసలు ఫైళ్ళు, పంపు. ఐపీస్‌లో నీకు ఏ రంగు కనిపించిందో, ఎంత సేపటికి కనిపించిందో ఫొటో తెరవకముందే కాగితం మీద రాసి, అది కూడా జత చెయ్యి. బయల్దేరేటప్పుడూ, చేరాకా ఫోన్ చెయ్యి.

మీ మావయ్య