కోటి మందిని ఎవరు లెక్కపెట్టారు?

"మా బాబు హన్మకొండలో సీబీఎస్ఈలో పదో తరగతి రాశాడు. పదకొండులో మాస్ మీడియా సబ్జెక్టు, అంటే పత్రికలు, టీవీల గురించి చదివేది, తీసుకుంటానని పట్టు పట్టాడు. దాంతో భవిష్యత్తు ఉంటుందా?" అని ఒకరు అడిగారు.

ఎంపీసీతో ఉంటుందని మీకెవరు రాసిచ్చారు? హన్మకొండలో ఏ చౌరస్తాలో నిలబడ్డా ర్యాంకుల ఫ్లెక్సీలే. వాటిలో లేని పిల్లలంతా ఎటు పోయారని ఏ పేపరూ రాయదు. రాస్తే మొదటి పేజీ యాడ్ పోతుంది. పదకొండేళ్లు మండల విలేకరిగా చేశాను కాబట్టి చెప్తున్నా.

మా పాప 2023లో ఇదే సబ్జెక్టు తీసుకుంది, కోడ్ 835. మా బామ్మర్ది ఇంటికొచ్చి మరీ, "బిడ్డను కూడా విలేకరిని చేస్తవా బావా, నువ్వు పడ్డది చాలదా?" అన్నాడు. వాడిదీ తప్పు కాదు. మాకు జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి సెంటీమీటర్ల లెక్కన ఇచ్చేవారు. దసరాకు, ఆగస్టు 15కు యాడ్ల టార్గెట్ వేరే. పొద్దున సర్పంచి మీద వార్త రాసి, సాయంత్రం అదే సర్పంచి ఇంటికి యాడ్ కోసం పోవాలి. సరే, ఆ గోల పక్కన పెడదాం.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర అయ్యాక పాపకు ప్రాజెక్టు ఇచ్చారు. ఒకే వార్తను రెండు పత్రికలు ఎలా రాశాయో పోల్చాలి. పాత కటింగులు కావాలంటే నా ట్రంకుపెట్టె ఇచ్చాను. కాసేపటికి 2012 జాతర నాటి ముక్క ఒకటి పట్టుకొచ్చింది. నేను రాసిందే. నాలుగు రోజుల్లో కోటి మంది జనం సమ్మక్క సారలమ్మ తల్లులను దర్శించుకున్నారని ఉంది.

"ఎవరు లెక్కపెట్టిండ్రు బాపూ?"

"అధికారుల అంచనా" అన్నాను.

పాప వంటింట్లో కూర్చొని లెక్క వేసింది. నాలుగు రోజులంటే 96 గంటలు, 5,760 నిమిషాలు. రాత్రీ పగలూ ఆగకుండా నడిచినా గద్దెల ముందు నుంచి నిమిషానికి 1,736 మంది పోవాలి. అంటే సెకనుకు 29 మంది. "బెల్లం పెట్టి మొక్కనీకి టైమెక్కడిది బాపూ?" అంది.

నేను ఊరుకుంటానా? నెల ముందు నుంచే జనం వస్తారు, జంపన్న వాగులో స్నానం చేసి గద్దెల దాకా పోలేక వెనక్కి మళ్లేవాళ్లూ ఉంటారు, అందరినీ కలిపి రాశామన్నాను. "మరి నాలుగు రోజులల్ల దర్శించుకున్నరని ఎందుకు రాసినవ్?" అంది. ఇక దాచలేక నిజం చెప్పాను. ఆ రాత్రి తాడ్వాయిలో ముగ్గురు విలేకరులం చాయ్ తాగుతున్నాం. పేపర్ ఆఫీసు డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది, జనం ఎంతో వెంటనే చెప్పమని. ఒకడు ఎనభై లక్షలన్నాడు. ఇంకొకడు, పక్క పేపరోడు ఎట్లాగూ కోటి వేస్తాడు, మనమెందుకు తగ్గాలన్నాడు. చాయ్ చల్లారేలోపు ఇరవై లక్షల మంది పెరిగారు. పాప పగలబడి నవ్వింది. ప్రాజెక్టులో పేరు లేకుండా 'ఒక మాజీ విలేకరి' అని నా మాట కూడా రాసుకుంది.

ఆ సబ్జెక్టుతో వచ్చేది ఈ ఒక్క ప్రశ్నే, ఎవరు లెక్కపెట్టారని అడగడం. అసలు దీన్ని కొందరికే ఎందుకు, బడి పిల్లలందరికీ పెట్టాలి. 2018 ఎండాకాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో తిరిగినప్పుడు మా వాడకట్టులో రాత్రుళ్లు కర్రలు పట్టుకొని కాపలా కాశారు. అలాంటి ముఠాలేవీ లేవని పోలీసులు చెప్పినా ఎవరు విన్నారు? ఆ కాపలాలో ఇద్దరు లెక్కల సార్లు కూడా ఉన్నారు!

లోపాలు లేవని అనను. పాప వాళ్లకు ఈ సబ్జెక్టు చెప్పింది కంప్యూటర్ సారు. 1780లో కలకత్తాలో హికీ బెంగాల్ గెజిట్ పెట్టాడని నోట్సు రాయించాడు. ఇక్కడే ఇనుగుర్తిలో 1922లో ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక నడిపారన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. నిజాం కాలంలో, ఉర్దూ రాజ్యమేలుతున్నప్పుడు, ఒక పల్లె నుంచి తెలుగు వారపత్రిక! ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పిల్లల్ని ఒకసారి బస్సెక్కించి తీసుకుపోతే ఏం పోయింది?

మీ బాబు సంగతికొస్తే, ఫీజు కట్టే ముందు ఆ బడిలో ఈ సబ్జెక్టు ఎవరు చెప్తారో కనుక్కోండి. అన్నిటికన్నా అదే ముఖ్యం. రేపు జర్నలిజం చదవాలన్నా ఈ సబ్జెక్టు ఉండి తీరాలని లేదు, పీజీకి ఏ డిగ్రీ అయినా చాలు. మా పాప ఇప్పుడు బీకాం చదువుతోంది. నేను పేపర్ తిరగేస్తుంటే అంకె కనబడ్డ చోటల్లా పెన్నుతో సున్నా చుడుతుంది.