ఇంటర్ పాఠం ఎనిమిదో తరగతిలో ఎందుకు?

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. వాళ్ల స్కూల్లో మామూలు సిలబస్‌తో పాటు ఐఐటీ ఫౌండేషన్ కూడా, అంటే ఐఐటీ ప్రవేశ పరీక్ష కోసం పై తరగతుల పాఠాలు ముందుగానే చెబుతారు. పొద్దున ఏడింటికి బస్సు ఎక్కితే ఇంటికి చేరేసరికి రాత్రి ఏడవుతుంది. ఆ తర్వాత హోంవర్కు. పదకొండున్నరకు పడుకుని అయిదున్నరకు లేస్తాడు. ఒకప్పుడు లెక్కలంటే ప్రాణం పెట్టేవాడు, ఇప్పుడు పుస్తకం తీయగానే కడుపునొప్పి అంటున్నాడు. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నారు. ఫౌండేషన్ మాన్పిస్తే ఐఐటీకి దూరమవుతాడని మా వారి భయం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ వారి భయం సంగతి చూద్దాం. జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్, నీట్ పరీక్షల సిలబస్ ప్రధానంగా 11, 12 తరగతులది. ఆ పాఠాలన్నీ ఇంటర్ రెండేళ్లలో మొదటి నుంచీ చెబుతారు. ఎనిమిదిలో ఫౌండేషన్ మానేసినంత మాత్రాన మూసుకుపోయే దారి ఒక్కటీ లేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో ప్రశ్నలు పదో తరగతి స్థాయివే. బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సుకు చూసేది పదో తరగతి ప్రతిభనే.

అసలు పునాది భిన్నాలు, నిష్పత్తులు, బీజగణితంలో ఉంటుంది. మీ బాబులాగే చదువుతున్న ఒక అబ్బాయిని తల్లిదండ్రులు నా దగ్గరకు తీసుకొచ్చారు. నోటుబుక్కులో చలన సమీకరణాల ఉత్పాదన (డెరివేషన్) ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది, కింద టీచరు ఎర్ర సిరాతో పెట్టిన టిక్కు. మూడు బై నాలుగు పెద్దదా, అయిదు బై ఏడు పెద్దదా అని అడిగాను. ‘అయిదు బై ఏడు, రెండు అంకెలూ పెద్దవి కదా సార్’ అన్నాడు. కాగితం మీద ఒకే పొడవున్న రెండు పట్టీలు గీసి రంగు వేయమన్నాను. వేశాక చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత మెల్లగా, ‘ఇది ఆరో తరగతిలోనే చెప్పారు సార్, కానీ మర్నాడే ఇంకో పాఠం మీద పరీక్ష ఉండింది’ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాడికి తెలివి లేక కాదు, అర్థం చేసుకోవడానికి ఒక్క రోజు దొరకలేదు.

ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లో కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో తేల్చింది కూడా ఇదే: సంచి బరువు కంటే అర్థం కాని చదువు బరువే పిల్లల్ని ఎక్కువ కుంగదీస్తోందని. ముప్పై ఏళ్లు దాటినా మనం సంచులే తూస్తున్నాం.

కడుపునొప్పిని నాటకం అనుకోకండి. నోటితో చెప్పలేని ఆందోళన చాలామంది పిల్లల్లో ఇలాగే బయటపడుతుంది. పదమూడేళ్ల వయసుకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మీ వాడికి దొరుకుతున్నది ఆరు. ఆ అలసటలో ఏ లెక్క మాత్రం బుర్రకెక్కుతుంది? నొప్పి తగ్గకపోయినా, బాబు దిగులుగా ఉంటున్నా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది.

స్కూలుకు మీ వారు కూడా రావాలి, ఇద్దరూ కలిసి వెళ్లండి. ఫౌండేషన్ లేని సెక్షన్‌కు మార్చమని అడగండి. కేంద్ర విద్యాశాఖ 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు హోంవర్కు రోజుకు గంట దాటకూడదు. ఆ సంగతి గుర్తు చేయండి. గొడవగా కాదు, గట్టిగా. కుదరదంటే ఏడాది చివర్లో స్కూలు మార్చండి. కట్టిన ఫీజు పోతుందని ఆగకండి. అప్పటిదాకా రాత్రి తొమ్మిదిన్నరకు లైటు ఆర్పేయండి. హోంవర్కు మిగిలితే డైరీలో మీరే రాసి సంతకం పెట్టండి, ఆ మాట వాడు పడకూడదు.

ఆదివారం ఆరో తరగతి లెక్కల పుస్తకం తీయండి. అరగంట చాలు, గడియారం పెట్టకండి. ఎక్కడ తడబడితే అక్కడ ఆగి, ఆ ఒక్క పాఠమే చేయించండి. వారాంతపు పరీక్షలో ర్యాంకు ఎంత అని మాత్రం ఒక నెల పాటు ఇంట్లో ఎవరూ అడగొద్దు. నెల తర్వాత కడుపునొప్పి ఎలా ఉందో నాకు రాయండి.