అడగండి చెబుతాం: షాపు అద్దెకు తీసుకునే ముందు

ఈసారి ఎక్కువ ఉత్తరాలు కొత్త వ్యాపారం పెట్టడం గురించే వచ్చాయి. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్ర: ఉద్యోగం చేస్తూనే ఖాళీ ఉన్నప్పుడు గుడ్డ బ్యాగులు కుడుతున్నాను. ఒక్కోదానికి గంటన్నర పడుతుంది. చూసినవాళ్లంతా చాలా బాగున్నాయి, షాపు పెడితే ఎగబడి కొంటారు అంటున్నారు. ఉద్యోగం మానేసి, దాచుకున్న డబ్బుతో చిన్న షాపు అద్దెకు తీసుకుందామని ఉంది. నడుస్తుందో లేదో ముందే తెలుసుకునే దారి ఉందా? – ఒక పాఠకురాలు

జ: ఉందండీ. అయితే ఆ చూసినవాళ్లంతాలో పర్సు తీసినవాళ్లు ఎందరో మీరు ఎక్కడా రాయలేదు. బాగుందని చెప్పడానికి ఎవరికీ ఖర్చు కాదు, మొహం మీదే బాలేదని చెప్పే స్నేహితులు ఎవరికుంటారు చెప్పండి? కాబట్టి వాళ్లని కొంటారా అని అడగడం మానేసి, పోయినసారి బ్యాగు ఎప్పుడు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, అది పాడైతే ఏం చేశారు అని అడిగి చూడండి. జరిగిపోయినదాని గురించి జనం ఉన్నదున్నట్టు చెబుతారు, జరగబోయేదాని గురించి అడిగితే మన మనసు నొప్పించకుండా ఏదో ఒకటి అంటారు. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, మీతో ఏ పరిచయమూ లేనివాళ్లకి ఫొటోలు, ధర చూపించి, సగం అడ్వాన్స్ తీసుకుని ఆర్డర్ రాసుకోండి. ఎంతమందికి చూపిస్తే ఎంతమంది అడ్వాన్స్ ఇచ్చారో అదే మీకు కావాల్సిన అంకె.

ముందు అమ్మి తర్వాత సరుకు సమకూర్చుకోవడం కొత్త పద్ధతేమీ కాదు. కాళ్లకి వేసుకుని చూడకుండా బూట్లు ఆన్‌లైన్‌లో ఎవరైనా కొంటారా అని 1999లో చాలామందికి అనుమానం ఉండేది. అమెరికాలో నిక్ స్విన్‌మర్న్ అనే కుర్రాడు సరుకూ కొనలేదు, గోడౌనూ తీసుకోలేదు. బూట్ల షాపులకి వెళ్లి ఫొటోలు తీసుకొచ్చి సైట్లో పెట్టాడు, ఆర్డర్ వచ్చినప్పుడు అదే షాపులో పూర్తి ధర పెట్టి కొని పంపించాడు. అలా చేస్తే మిగిలేదేమీ ఉండదు, కానీ కొంటారా కొనరా అన్న ప్రశ్నకి చాలా చవగ్గా జవాబు దొరికింది. అదే తర్వాత జాపోస్ అయింది, 2009లో అమెజాన్ దాన్ని కొనేసింది.

ఇక మీ లెక్క. మీ ధరలు నాకు తెలియవు కాబట్టి వందల్లో వేసి చూపిస్తాను, మీరు మీ అంకెలు పెట్టుకోండి. బ్యాగు 100కి అమ్ముతున్నారు. గుడ్డ, లైనింగ్, జిప్పు, దారం కలిపి 45. ప్యాకింగ్, డెలివరీకి 15. మిగిలింది 40. షాపు అద్దె, కరెంటు, ఇంకా చిల్లరమల్లర ఖర్చులు నెలకి 20,000 అనుకుందాం, ఇవి బ్యాగులు అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సినవి. 20,000ని 40తో భాగిస్తే నెలకి 500 బ్యాగులు. నెలలో 25 పనిరోజులంటే రోజుకి 20. అంత అమ్మితే లాభమూ రాదు, నష్టమూ రాదు, అదే బ్రేక్ ఈవెన్. ఇక్కడిదాకా అందరూ వేస్తారు. మీరు బ్యాగుకి గంటన్నర అన్నారు కదా, రోజుకి 20 బ్యాగులంటే 30 గంటల కుట్టుపని. రోజుకి ఉన్నదే 24 గంటలు! అంటే మీ లెక్కలో మీ కూలి మీరు వేసుకోలేదు, చేతితో పని చేసేవాళ్లు దాదాపు అందరూ వదిలేసేది ఇదే. కుట్టేవాళ్లని పెట్టుకుని బ్యాగుకి 20 చొప్పున ఇచ్చారనుకోండి, మీకు మిగిలేది 40 కాస్తా 20కి దిగుతుంది, 500 బ్యాగులు కాస్తా 1,000 అవుతాయి. ఇంకా ఎక్కువ అమ్ముదాం అనే ముందు ధర 130 చేసి చూడండి. మిగిలేది 50, కావాల్సినవి 400 బ్యాగులే. ధర కొంచెం పెంచితే అమ్మాల్సిన సంఖ్య సగానికి పైగా పడిపోతుంది, భయపడి తక్కువ ధర పెట్టేవాళ్లు ఈ లెక్క ఒక్కసారైనా వేసుకుంటే బాగుంటుంది. 130కి కొంటారో లేదో ఆ అడ్వాన్స్ పరీక్షలోనే తేలిపోతుంది, కొందరికి 100 అని, కొందరికి 130 అని చెప్పి చూడండి.

షాపు లేకుండా, నెలకి 3,000 ఖర్చుతో ఇంట్లోంచే చేస్తే? అదే 50 మిగులుతో 60 బ్యాగులు చాలు. మీరే కుట్టుకుంటే 90 గంటలు, ఆ 20 కూలి కూడా మీకే. ఉద్యోగం చేస్తూ కష్టమే కానీ కుదరనిది కాదు. ముందు అది వరసగా కొన్ని నెలలు కుదురుతుందేమో చూసుకుని, చేతులు చాలక ఆర్డర్లు వెనక్కి పంపాల్సిన పరిస్థితి వచ్చాక ఉద్యోగం సంగతి ఆలోచించండి. షాపు అగ్రిమెంట్ మీద సంతకం మాత్రం ఇప్పుడు వద్దు.

ప్ర: కొత్త వ్యాపారాల్లో 90 శాతం మొదటి ఏడాదే మూతపడతాయట, నిజమేనా? ఇంట్లోవాళ్లు ఇదే చెప్పి ఆపుతున్నారు.

జ: మొదటి ఏడాదే 90 శాతం అన్నది తప్పు. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల శాఖ ఏళ్ల తరబడి లెక్క కడుతోంది, అక్కడ కొత్తగా పెట్టినవాటిలో ఐదింట ఒకటి మొదటి ఏడాదిలో మూతపడుతోంది, ఐదేళ్లు నిండేసరికి దాదాపు సగం మిగులుతున్నాయి. మూతపడ్డవన్నీ దివాలా తీసినవీ కావు, కొందరు అమ్మేసుకుంటారు, కొందరు విసుగొచ్చి మానేస్తారు. అయినా సగం అంటే తక్కువేమీ కాదు, ఇంట్లోవాళ్ల టెన్షన్‌కి అర్థం ఉంది.

ప్ర: ఆఫీసులకి క్లీనింగ్ సర్వీస్ మొదలుపెట్టబోతున్నాను. ఒక పెద్ద కంపెనీ ఒప్పుకుంది, బిల్లు ఇచ్చిన 60 రోజులకి డబ్బిస్తారట. నా లెక్క ప్రకారం మొదటి నెల నుంచే 20 శాతం లాభం. మంచి బేరమే కదా?

జ: లాభం మంచిదే, కానీ ఆ లాభం కంటికి కనిపించేలోపు మీ దగ్గర డబ్బు ఆడకుండా పోయే ప్రమాదం ఉంది. నెల బిల్లు 100 అనుకోండి. జీతాలు, సామానుకి 80. మొదటి నెలాఖరుకి 80 ఇచ్చేసి బిల్లు పంపుతారు. రెండో నెలాఖరుకి ఇంకో 80. మూడో నెలాఖరుకి ఇంకో 80, అంటే చేతిలోంచి 240 వెళ్లాయి, మొదటి 100 అప్పుడు గానీ రాదు, అదీ చెప్పిన రోజుకే ఇస్తే. అకౌంట్స్‌లో సంతకం పెట్టాల్సిన మనిషి సెలవులో ఉన్నాడు, బిల్లులో ఆర్డర్ నంబర్ తప్పు పడింది, మళ్లీ పంపండి అంటే మరో రెండు వారాలు. తుడిచే ఆవిడకి మాత్రం ఒకటో తారీఖున జీతం ఇవ్వాల్సిందే, మీ బిల్లు పాసవలేదని ఆవిడ అద్దె ఆగదు కదా. ఇంకో తమాషా ఏమిటంటే రెండో నెలలో రెండో కాంట్రాక్టు దొరికితే సంబరపడతాం, కానీ అదే షరతులైతే మూడో నెలాఖరుకి అదనంగా మరో 160 పోయాలి. వ్యాపారం పెరిగే కొద్దీ గొయ్యి పెద్దదవుతుంది. లాభాల్లో ఉంటూనే మూతపడ్డ వ్యాపారాలు చాలావరకు ఇలా పోయినవే.

కాబట్టి సంతకానికి ముందే మాట్లాడండి. మొదటి నెల అడ్వాన్స్ అడగండి, కుదరకపోతే పదిహేను రోజులకోసారి బిల్లు అడగండి, అదీ కాదంటే 60ని 30 చేయమనండి, దానికోసం రెండు మూడు శాతం తగ్గించి ఇచ్చినా పర్వాలేదు. సామాను ఇచ్చేవాళ్ల దగ్గర మీరు కూడా నెల అరువు పెట్టించుకోండి. ఏదీ కుదరకపోతే ఆ 240, ఆలస్యానికి ఇంకో 80 కలిపి మొత్తం 320 చేతిలో పెట్టుకుని దిగండి, లేదా ముందు చిన్న ఆఫీసులతో, చెప్పిన రోజుకి ఇచ్చేవాళ్లతో మొదలుపెట్టండి. నెలనెలా వచ్చేదీ పోయేదీ ఒక కాగితం మీద వారాలవారీగా రాసుకుంటే ఏ వారం చేయి ఖాళీ అవుతుందో ముందే కనిపిస్తుంది. మీరు వేసిన లాభనష్టాల లెక్కలో అది కనిపించదు.

ప్ర: నా ఐడియా ఇంతవరకు ఎవరూ చేయలేదు, పోటీ సున్నా. త్వరగా దిగాలా?

జ: ఐడియా ఏమిటో రాయలేదు, కొట్టేస్తామని భయం కాబోలు! పోటీ లేదు అనే మాట వింటే నాకు మాత్రం కొంచెం బెరుకే. మీ వస్తువు రాకముందు కూడా జనం ఆ పని ఏదో ఒకలా కానిస్తూనే ఉంటారు, ఆ ఏదో ఒకలానే మీ పోటీ. ఇరిడియం సంగతే చూడండి. ప్రపంచంలో ఏ మూల నుంచైనా మాట్లాడొచ్చని 66 ఉపగ్రహాలతో సుమారు 500 కోట్ల డాలర్లు పెట్టి కట్టిన ఫోన్ వ్యవస్థ, 1998 నవంబర్‌లో మొదలైంది, 1999 ఆగస్టుకల్లా దివాలా పిటిషన్ వేసింది. (మొదట 77 ఉపగ్రహాలు అనుకున్నారు, ఇరిడియం పరమాణు సంఖ్య 77 అని ఆ పేరు పెట్టారు, తర్వాత ఉపగ్రహాలు తగ్గినా పేరు అలాగే ఉండిపోయింది.) వాళ్లు కట్టుకుంటూ కూర్చున్న ఏళ్లలో మామూలు సెల్‌ఫోన్లు ఊళ్లన్నీ చుట్టేశాయి. ఇటుకంత సైజున్న ఆ ఫోను గది లోపల పనిచేయదు, ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఎడారిలోనో సముద్రం మీదో ఉన్నవాళ్లకి అది కావాల్సిందే, కానీ వాళ్లెంతమంది? దివాలా తర్వాత ఆస్తుల్ని కారుచౌకగా కొన్నవాళ్లు అదే సర్వీసును అలాంటివాళ్ల కోసమే నడిపి నిలబెట్టారు. అంటే ఐడియా తప్పు కాదు, ఎంతమంది కొంటారు అన్న లెక్కకీ పెట్టిన ఖర్చుకీ పొంతన లేదు. మీరు వేసుకోవాల్సిన లెక్క కూడా అదే: ఇది తప్పనిసరిగా కావాల్సినవాళ్లు ఎందరు, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు, దానికి ఎంత పెడుతున్నారు.

ప్ర: నేనూ నా స్నేహితుడూ చెరి సగం పెట్టుకుంటున్నాం. అగ్రిమెంట్ అవసరమా?

జ: అవసరమే. ఆరు నెలలకి ఒకరు వెళ్లిపోతే సగం వాటా పట్టుకుపోతారా? అందుకే వాటా ఏడాది నిండితేనే మొదలయ్యి, నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా చేతికొచ్చేలా రాసుకోవడం చాలాచోట్ల అలవాటు. ఎవరు పూర్తి టైమ్, ఎవరు పార్ట్ టైమ్, ఇంకా డబ్బు కావాల్సి వస్తే ఎవరు తెస్తారు, ఇవి కూడా రాయండి. స్నేహం బాగున్నప్పుడే రాసుకోవడం సుళువు.

ప్ర: పాత ఫర్నిచర్ బాగుచేసి ఇచ్చే వర్క్‌షాపు రెండు నెలల్లో తెరుస్తున్నాం. ఇద్దరు వడ్రంగులు ఉన్నారు. ఓపెనింగ్ రోజు గట్టిగా ప్రకటనలిచ్చి, మొదటి నెలంతా 50 శాతం డిస్కౌంట్ పెట్టాలని ప్లాన్. ఇంకేం చేయాలి?

జ: ముందు డిస్కౌంట్ తీసేయండి. వంద బిల్లులో మీకయ్యే ఖర్చు 70 అయితే, సగం ధరకి చేసిన ప్రతి పని మీద 20 మీరే ఎదురిచ్చినట్టు. పైగా ఆ ధరకి వచ్చినవాళ్లకి రెండో నెల అసలు ధర చెబితే డబుల్ చేశారంటారు.

ప్రకటనలు కూడా కొంచెం ఆపండి. ఇద్దరు వడ్రంగులు, పాలిష్ ఆరడానికి పట్టే టైమ్ అన్నీ చూసుకుంటే వారానికి ఎన్ని పనులు తేలతాయి? ఏడో ఎనిమిదో అనుకుందాం. ప్రకటన చూసి ఒకేసారి నలభై మంది ఫోన్ చేస్తే ముప్పై మందికి పైగా ఆగమని చెప్పాలి, వాళ్లు ఆగరు, మళ్లీ రారు కూడా, ఆ ప్రకటన డబ్బు వాళ్లని పోగొట్టుకోవడానికి ఖర్చు పెట్టినట్టే. అందుకని బోర్డు పెట్టకుండా, పూర్తి ధరకే, పది పనులు చేసి చూడండి. అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు. ఫోటో చూసి ధర చెప్పేస్తారు, తీరా సోఫా గుడ్డ విప్పితే లోపల చెక్క పుచ్చిపోయి ఉంటుంది, ఖర్చు రెట్టింపు అవుతుంది, చెప్పిన ధరకే చేయాలని వాళ్లు పట్టుబడతారు. విప్పి చూశాక పెరగొచ్చు, మీకు చెప్పాకే చేస్తాం అని ఎస్టిమేట్ మీద ముందే రాయాలని అప్పుడు తెలుస్తుంది. చేతులకి వార్నిష్ ఉండగా ఫోన్ ఎవరు ఎత్తాలి? అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇంకొకటుంది, పని అయిపోయినా వారాల తరబడి తీసుకెళ్లనివాళ్లు. నాలుగు బీరువాలు, ఒక డైనింగ్ టేబుల్ అలా ఉండిపోతే కొత్త పని పెట్టడానికి చోటుండదు. అందుకే సగం అడ్వాన్స్, పని అయిన పది రోజుల తర్వాత రోజుకింత అని రసీదు మీదే వేయించండి.

ప్లాన్ మాత్రం తెరిచే రోజు నుంచి వెనక్కి వేసుకోండి. మన చేతిలో లేనివి, అంటే లైసెన్సులు, మెషీన్లకి కావాల్సిన కరెంటు కనెక్షన్, మెషీన్ డెలివరీ, ముందు మొదలుపెట్టాలి. రంగులు, విజిటింగ్ కార్డులు చివరి వారంలో కూడా అవుతాయి. జనం మాత్రం సరిగ్గా ఉల్టా చేస్తారు, లోగో మీద నెల గడిపి లైసెన్స్ దరఖాస్తు చివర్లో పెడతారు. రెండో బ్రాంచి గురించి కూడా ఉత్తరం చివర రాశారు, దాన్ని మర్చిపోండి. అమెరికాలో ఇంటికి సరుకులు చేర్చే వెబ్‌వాన్ అనే కంపెనీ 1999లో ఒక్క ప్రాంతంలో మొదలై, అక్కడ గిట్టుబాటు అవుతుందో లేదో తేలకుండానే 26 గోడౌన్లు కట్టడానికి 100 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చేసింది. 2001 జూలైలో దివాలా తీసింది.

ఇంకొకటి, తెరవకముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఫలానా నెలాఖరుకి వారానికి ఇన్ని పనులు రాకపోతే, లేదా ఇంత డబ్బు కంటే ఎక్కువ పోతే, ఆపేస్తాం. ఇప్పుడు రాస్తేనే అది సరిగ్గా ఉంటుంది. నష్టం మొదలయ్యాక రాయబోతే ఇంకో నెల చూద్దాం అనిపిస్తుంది, ఆ తర్వాత ఇంకో నెల. గడువు పెంచాల్సి వస్తే ఇంటావిడో, ఇంకెవరైనా నమ్మకస్తులో కూడా సంతకం పెట్టాలని అందులోనే చేర్చండి, మీ ఒక్కరి చేతిలో ఉంచుకోకండి.